ఓమందూరు రామస్వామి రెడ్డియార్: జమీందారీని దించిన రైతా, ప్రకాశం గారిని దించడానికి దొరికిన మనిషా?

తిండివనం_తెలుగోడు
చెన్నైలో గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రో స్టేషన్ పక్కన పెద్ద సర్కారు ఆస్పత్రి ఉంది. 2010లో కొత్త అసెంబ్లీ అని కట్టి, ప్రభుత్వం మారాక ఆస్పత్రి చేసిన బిల్డింగు అది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చే మనవాళ్ళు కూడా అక్కడ కనిపిస్తుంటారు. ఆ ఆవరణకి ఓమందూరార్ ఎస్టేట్ అని పేరు. ఆ ఓమందూరార్ ఎవరో మన తెలుగువాళ్ళలో నూటికి ఒక్కరికైనా తెలుసా అని నా అనుమానం.

మా తిండివనం దగ్గరే ఓమందూరు. 1895లో అక్కడ సేద్యం చేసే ఇంట్లో పుట్టారు రామస్వామి రెడ్డియార్. మా వైపు రెడ్డియార్ల ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. (మా తెలుగు వింటే మీకు నవ్వొస్తుంది, అది వేరే సంగతి.) ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో కాంగ్రెస్‌లో పనిచేశారు. 1947 మార్చి 23న మద్రాసు ప్రీమియర్ (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) అయ్యారు. అంటే ఆగస్టు 15 నాడు ఇచ్ఛాపురం నుంచి తిరునెల్వేలి దాకా, అటు మలబారు దాకా, ఆయన ప్రభుత్వమే. 1949 ఏప్రిల్ 6 వరకు ఉన్నారు.

ఆ రెండేళ్ళలో జరిగినవి చూడండి. ఆలయ ప్రవేశ చట్టం, దేవదాసీ సమర్పణ నిషేధం, 1948లో రాష్ట్రమంతా మద్యనిషేధం, అన్నిటికీ మించి 1948 నాటి 26వ చట్టం, జమీందారీ రద్దు. వీటిలో సగానికి సగం లాభపడింది మీ కోస్తా జిల్లాలే. పదవి పోయాక వడలూరు వెళ్ళి రామలింగ స్వామి పేరున బడి, అనాథ పిల్లల పని చూసుకున్నారు. 1970లో పోయారు. నాగలి తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నది ఆ ఒక్కసారే. మరి ఆంధ్రావాళ్ళు ఆయన్ని ఎందుకు తలుచుకోరు?

గోదారిగట్టు
ఎందుకు తలుచుకోవాలండీ? 1946లో ప్రకాశం పంతులు గారు ప్రీమియర్ అయ్యారు. ఏడాది తిరక్కుండానే ఆయన మీద అవిశ్వాసం పెట్టి దించారు. దించడానికి ఎవరో ఒక పెద్దమనిషి కావాలి, మచ్చలేని వాడు, తనకంటూ గుంపు లేనివాడు. తమిళనాడు కాంగ్రెస్‌ని నడిపే కామరాజ్ వర్గానికి మీ రెడ్డియార్ గారు దొరికారు. అంతే కథ.

జమీందారీ రద్దు ఆయన ఖాతాలో రాయడం మరీ అన్యాయం. 1937లో రెవెన్యూ మంత్రిగా ఉండగానే ప్రకాశం గారు జమీందారీల మీద విచారణ సంఘం పెట్టి జిల్లాలన్నీ తిరిగారు. 1938లో రిపోర్టు ఇచ్చారు. భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని అందులో కుండబద్దలు కొట్టారు. శిస్తు 1802 నాటి రేటుకి తగ్గాలన్నారు. రాజాజీ మంత్రివర్గంలో అది అటక ఎక్కింది. పదేళ్ళ తర్వాత బిల్లు తెచ్చిన రెవెన్యూ మంత్రి ఎవరు? కళా వెంకట్రావు గారు, మా కోనసీమ మనిషి. పంట మావాళ్ళది, గరిసె మీ వాళ్ళదా?

వేరుశనగ
మొదటి పోస్టు బాగుంది. రెండోది కూడా బాగుంది. టీ పెట్టుకుని కూర్చున్నా.

లెక్కచెప్పు
ఒక్క ప్రశ్న. ఆ రెడ్డియార్ గారికి ఎన్ని ఎకరాలు?

తిండివనం_తెలుగోడు
గోదారిగట్టు గారూ, కళా వెంకట్రావు గారు ఎవరి మంత్రివర్గంలో మంత్రి? ఓమందూరార్ మంత్రివర్గంలో. బెజవాడ గోపాలరెడ్డి గారు ఆర్థికమంత్రి. ఎక్కడ? అదే మంత్రివర్గంలో. ప్రకాశం గారిని దించింది తమిళులని మీరు ఎనభై ఏళ్ళ నుంచీ చెప్పుకుంటున్నారు. ఆంధ్ర కాంగ్రెస్‌లో పట్టాభి సీతారామయ్య గారి వర్గం అటు చేరకపోతే ఆయన దిగేవారా? మీ ఇంటి పోరు తెచ్చి మా ఊరాయన నెత్తిన రుద్దకండి.

ఇంకో మాట. సిఫార్సు ఉత్తరం పట్టుకుని వచ్చిన సొంత పార్టీ ఎమ్మెల్యేలని ఆయన గుమ్మం దగ్గరే ఆపేవారు. ఆఫీసర్ల బదిలీల్లో వేలు పెట్టనివ్వలేదు. తెచ్చిన కామరాజ్ వర్గమే 1949లో ఆయన్ని పంపేసి కుమారస్వామి రాజాని పెట్టుకుంది. కీలుబొమ్మ అయితే ఎందుకు పంపుతారు?

లెక్కచెప్పు
ఎకరాలు?

పాతరికార్డు
నేను సర్వే, సెటిల్‌మెంటు పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. ఇద్దరూ చట్టం పేరు చెప్తున్నారు గానీ అది ఏం చేసిందో ఎవరూ చెప్పలేదు. కాస్త పొడవుగా రాస్తాను, ఏమనుకోకండి.

మద్రాసు రాష్ట్రంలో రెండు రకాల ఊళ్ళు. రైత్వారీ ఊళ్ళో రైతు శిస్తు నేరుగా సర్కారుకి కడతాడు, పట్టా అతని పేరునే. రాయలసీమ, తమిళ జిల్లాలు చాలావరకు ఇవే. ఉత్తర సర్కారుల్లో 1802 శాశ్వత సెటిల్‌మెంటుతో జమీందారు మధ్యలో వచ్చాడు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, చల్లపల్లి, కిందకి వెంకటగిరి. 1908 ఎస్టేట్స్ లాండ్ చట్టం రైతుకి సాగుహక్కు ఇచ్చింది, కానీ పెత్తనం ఎస్టేటుదే. రైతు ముచ్చిలికా (శిస్తు కడతానని ఒప్పుకునే కాగితం) రాసిచ్చి పట్టా పుచ్చుకోవాలి. చెరువు తూము బాగుచేయించాలన్నా దివాణం చుట్టూ తిరగాలి. పక్క రైత్వారీ ఊళ్ళో ఎకరా శిస్తుకి రెండింతలు, మూడింతలు కట్టిన ఎస్టేటు ఊళ్ళు నేను రికార్డుల్లో చూశాను.

ఓమందూరు ప్రభుత్వం ముందుగా 1947లో శిస్తు తగ్గింపు చట్టం తెచ్చింది, 30వ నంబరు. దీన్ని అందరూ మర్చిపోతారు. రద్దు చట్టం నలగడానికి ఏళ్ళు పడుతుందని తెలిసి, ముందు శిస్తుని చుట్టుపక్కల రైత్వారీ రేట్ల స్థాయికి దింపారు. రైతు చేతిలో మొదట రూపాయి మిగిలింది దానివల్లే. తర్వాత 1948లో 26వ చట్టం. నోటిఫికేషన్ వచ్చిన రోజున ఎస్టేటు మొత్తం సర్కారు పరం, రైతీ భూమిలో (అంటే ఎస్టేటుకి శిస్తు కట్టి రైతులు సాగుచేసే భూమిలో) ఉన్న రైతుకి రైత్వారీ పట్టా. జమీందారుకి పరిహారం. చిన్న ఎస్టేటుకి ఎక్కువ రెట్లు, పెద్దదానికి తక్కువ రెట్లు.

ప్రకాశం కమిటీ చెప్పింది వేరు, ఈ చట్టం చేసింది వేరు. 1938 రిపోర్టు శిస్తు సంగతి తేల్చింది. 1948 చట్టం జమీందారునే తీసేసింది. ఇద్దరికీ చెరిసగం అంటే తప్పు లేదు. రైతు సంఘాలు, ఎన్.జి. రంగా గారు, 1930ల్లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచిన రైతులు లేకపోతే ఆ రెండూ లేవు.

అనకాపల్లి_బెల్లం
పాతరికార్డు గారూ, కమతం భూముల సంగతి వదిలేశారు.

పాతరికార్డు
వదల్లేదు, అక్కడికే వస్తున్నా. జమీందారు సొంత సాగు భూమి, అంటే కమతం, జమీందారుకే పట్టా. రద్దు వస్తోందని తెలిశాక రైతీ భూములు కొన్ని కాగితం మీద కమతాలయ్యాయి. ఆ దావాలు నేను ఉద్యోగంలో చేరేటప్పటికీ నడుస్తూనే ఉన్నాయి.

గోదారిగట్టు
అదీ మాట. మా తాతది పిఠాపురం ఎస్టేటు కింద భూమి. ముచ్చిలికా కాగితం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. చెదలు తినగా మిగిలిన ముక్క, కింద మా తాత నిశాని. పట్టా వచ్చింది, సరే. ఈమధ్య అందులో ఎకరన్నర అమ్ముదామని వెళ్తే రిజిస్ట్రేషన్ చెయ్యం అన్నారు. నిషేధిత జాబితాలో ఉందట! ఏంటని అడిగితే ఎస్టేటు పోరంబోకు అన్నారు. మా నాన్న పండించాడు, మా తాత పండించాడు, అది పోరంబోకా? ఆఫీసు ఆఫీసుకీ తిరిగాను. ఒక గుమాస్తా అయితే “జమీందారీ రద్దప్పుడు మీవాళ్ళు సరిగ్గా రాయించుకోలేదేమో” అన్నాడు. ఇదండీ మీ రెడ్డియార్ గారి చట్టం.

తిండివనం_తెలుగోడు
మీ తాసీల్దారు ఆఫీసులో గుమాస్తా తప్పుకి 1970లో పోయినాయన బాధ్యుడా? బాగుంది.

ఎర్రజీర
మా కృష్ణా జిల్లా గుర్తు చేసుకునేది వేరు. ఆ ప్రభుత్వం పేరు చెప్తే మా అమ్మమ్మకి గుర్తొచ్చేది మలబారు పోలీసులు. ఊళ్ళ మీద పడి, కమ్యూనిస్టు ఎక్కడున్నాడో చెప్పమని ఆడవాళ్ళని కూడా కొట్టారు. విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. జమీందారీ భూమి దున్నుకోవడానికి ఎర్రజెండా పట్టుకున్న రైతుని కొట్టించినవాడు రైతు ప్రీమియరా? చల్లపల్లి ఎస్టేటు భూముల పోరాటం గురించి చదవండి ముందు.

గోదారిగట్టు
ఎర్రజీర గారు చెప్పింది అక్షరాలా నిజం. మాట్లాడరేం రెడ్డియార్ గారి మనవడు?

తిండివనం_తెలుగోడు
నేను మనవణ్ణి కాను. మాట్లాడతాను. ప్రజా భద్రత చట్టం 1947లో 1వ నంబరు. దానికి ముందు వచ్చిన ఆర్డినెన్సు అదే ఏడాది జనవరిలో. అప్పుడు ప్రీమియర్ ఎవరు? మీ ప్రకాశం పంతులు గారు. ఆ చట్టం కింద పట్టుకున్నవాళ్ళ పాపం ఇద్దరికీ పంచండి. ఒక్కరికే రాయకండి.

ఎర్రజీర
పంచుతాను. ప్రకాశం గారు పొగిడించుకునే మనిషి, మా పార్టీవాళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకున్న రోజులూ ఉన్నాయి, ఆయన మావాళ్ళని జైల్లో పెట్టిన రోజులూ ఉన్నాయి. కానీ ఆర్డినెన్సు తెచ్చినాయన మూడు నెలల్లో దిగిపోయాడు. దాన్ని రెండేళ్ళు వాడింది మీ సాధువు గారు. రమణాశ్రమానికి వెళ్ళి కూర్చుని వచ్చేవాడట, ఇక్కడ పోలీసులు మాత్రం వాళ్ళ పని వాళ్ళు చేసుకుపోయారు.

తిండివనం_తెలుగోడు
పక్కన నిజాం రాజ్యంలో రజాకార్లు. సరిహద్దు దాటి బెజవాడకి వచ్చిపడే శరణార్థులు. 1948 సెప్టెంబర్ 13 పోలీసు చర్య దాకా ఈ రాష్ట్రం నిద్రపోలేదు. ఆ స్థితిలో ఇంకెవరున్నా అదే చేసేవాళ్ళు.

వేరుశనగ
“ఇంకెవరున్నా అదే చేసేవాళ్ళు” అయితే ఈయన్నే ఎందుకు తలుచుకోవాలి మరి? 😀

తాటిగెల
మద్యనిషేధాన్ని కూడా గొప్పల్లో వేశారు. మావాళ్ళు గీత కార్మికులు. 1948లో రాష్ట్రమంతా కల్లు ఆపేస్తే తాటిచెట్టు మీద బతికే కులాలు ఏం తిన్నాయో ఎవరైనా రాశారా? సేద్యం చేసే ఇంట్లోవాడికి కల్లు పాపం. ఎక్కేవాడికి అది వరిచేనే. గౌతు లచ్చన్న గారు గీతవాళ్ళని కూడగట్టి సత్యాగ్రహం చేసింది ఊరికే కాదు.

తిండివనం_తెలుగోడు
అదే మద్యనిషేధం మీద 1954 నవంబర్‌లో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది కదండీ. అప్పుడు ఆయనైనా ఎత్తేశాడా? లేదు. ఓమందూరార్‌ని తిట్టే నోరు ఆయన్ని ఎందుకు తిట్టదు?

తాటిగెల
నేను ప్రకాశం గారిని తిట్టలేదని ఎవరన్నారు? ఆ ఒక్క ఓటులో మా వైపువాళ్ళ చెయ్యి ఉంది. మీరిద్దరూ మీ మీ దేవుళ్ళని ఊరేగించుకోండి, మమ్మల్ని మధ్యలోకి లాగకండి.

లెక్కచెప్పు
మూడోసారి అడుగుతున్నా. రైతు రైతు అంటున్నారు. ఎన్ని ఎకరాల రైతు? అయిదా, యాభయ్యా? ఎకరాలు చెప్పకుండా రైతు అంటే ఎలా తెలుస్తుంది? ఇప్పుడు అసెంబ్లీలో అఫిడవిట్లు తీసి చూడండి, వృత్తి దగ్గర సగంమంది వ్యవసాయం అనే రాస్తారు. వాళ్ళంతా రైతులేనా?

తిండివనం_తెలుగోడు
ఎకరాలతో ఏం పని? ఆయన పంచె చూస్తే తెలుస్తుంది. బొబ్బిలి రాజా ప్రీమియర్‌గా ఉన్న రాష్ట్రమే ఇది, 1932లో. ఆ జమీందారుని 1937 ఎన్నికల్లో వి.వి. గిరి గారు ఓడించారు. ఆ తర్వాత పదేళ్ళు తిరిగేసరికి అదే కుర్చీలో పంచె కట్టిన పల్లెటూరి మనిషి కూర్చుని జమీందారీలని రద్దు చేస్తున్నాడు. ఇందులో మీకు ఏమీ కనిపించడం లేదా?

గోదారిగట్టు
కనిపిస్తోంది. మీ కులం కనిపిస్తోంది. రెడ్డియార్ కాకపోతే ఈ పోస్టు రాసేవారా?

తిండివనం_తెలుగోడు
అన్నారా ఆ మాట! ఎప్పుడంటారా అని చూస్తున్నాను. మరి మీరు కళా వెంకట్రావు గారి గురించి “మా కోనసీమ” అన్నప్పుడు నేనేమైనా అన్నానా? తమిళనాడులో మమ్మల్ని తెలుగువాళ్ళంటారు. ఇక్కడికొస్తే మీరు అరవవాళ్ళంటారు. హిందీని బళ్ళలో తప్పనిసరి చేశాడని 1948లో పెరియార్ వాళ్ళు ఆందోళన చేసి ఆయన్ని అక్కడ తిట్టారు. మీరేమో ప్రకాశాన్ని దించాడని ఇక్కడ తిడతారు. అదే ప్రభుత్వం 1947 నవంబర్‌లో కమ్యూనల్ జీవో మార్చింది. పధ్నాలుగు ఉద్యోగాల్లో ఆరు బ్రాహ్మణేతర హిందువులకి, రెండు వెనకబడినవాళ్ళకి, రెండు హరిజనులకి, రెండు బ్రాహ్మణులకి, ఒకటి క్రైస్తవులూ ఆంగ్లో ఇండియన్లకి, ఒకటి ముస్లింలకి. వెనకబడిన కులాలకి విడిగా వాటా అప్పుడే వచ్చింది. కులపిచ్చి ఉన్నవాడు చేసే పనేనా అది?

నిర్వాహకుడు
కులాల ప్రస్తావన వ్యక్తుల మీదికి వెళ్తే పోస్టులు తీసేస్తాం. ఇద్దరికీ ఇదే మొదటి హెచ్చరిక.

గోదారిగట్టు
హెచ్చరిక నాకెందుకండీ? నేను రైతుబిడ్డని. రైతుకి జరిగిన అన్యాయం గురించి మాట్లాడుతున్నాను. మా భూమి గురించి మాట్లాడుతున్నాను. మాకు పదకొండు ఎకరాలు (లెక్కచెప్పు గారూ, ఇదిగో మీకు లెక్క). నా చిన్నప్పుడు మా నాన్నతో చేలోకి వెళ్ళినవాణ్ణి.

కౌలుకాగితం
సార్, నేను ఈ ఫోరంలో రాసేది తక్కువ. ఫోన్‌లో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

గోదారిగట్టు గారూ, ఇప్పుడు ఆ పదకొండు ఎకరాలు ఎవరు చేస్తున్నారు?

గోదారిగట్టు
ఊళ్ళో కౌలుకి ఇచ్చాం. నేను హైదరాబాద్‌లో ఉంటాను. దానికీ దీనికీ ఏం సంబంధం?

కౌలుకాగితం
సంబంధం ఉంది సార్. మొదట్నుంచీ చదువుతున్నా. జమీందారు పోయాడు, రైతుకి పట్టా వచ్చింది అని అందరూ రాశారు. ఏ రైతుకి వచ్చింది? ఎస్టేటుకి శిస్తు కట్టినవాడికి వచ్చింది. వాడి కింద పాలుకి చేసినవాడికి ఏం వచ్చింది? పాతరికార్డు గారూ, మీరు చెప్పండి. మా ముత్తాత కూడా ఎస్టేటు భూమే దున్నాడు. కానీ ఆయన రైతు కింద రైతు. ఎస్టేటు పుస్తకంలో ఆయన పేరు లేదు.

మీ తాతకి 1948 చట్టంతో పట్టా వచ్చింది. మా ముత్తాతకి రాలేదు, మా తాతకి రాలేదు, మా నాన్నకి రాలేదు. నాకూ రాలేదు. నేను చేసేది ఏడెకరాలు, ఒక్క సెంటు నాది కాదు. సార్వాకి యూరియా నేనే తెస్తా, మందు నేనే కొడతా, తుపానుకి పడుకున్న చేను కోయడానికి మిషను దిగకపోతే కూలోళ్ళని పెట్టి కోయించేదీ నేనే. పోయినసారి ధాన్యం కొనుగోలు కేంద్రానికి తోలితే డబ్బు భూమి గలాయన ఖాతాలో పడింది. ఆయన బెంగుళూరులో ఉంటాడు. మంచాయనే, పంపించాడు. కానీ “ఈ నెల కుదరదురా, వచ్చే నెల చూద్దాం” అని అన్నాక పంపించాడు. ఈలోపు నేను మందుల కొట్టు ముందు నుంచి వెళ్ళడం మానేసి వెనక వీధిలోంచి వెళ్ళాను.

కౌలుదారుకి సర్కారిచ్చే సాగుదారు కార్డు అడిగితే ఓనరు సంతకం తెమ్మన్నారు. ఓనరు పెట్టనన్నాడు. ఇప్పుడు మీరు చెప్పండి, ఓమందూరారు గారు రైతా, ప్రకాశం గారు రైతు బంధువా అని మీరు కొట్టుకుంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. ఇద్దరిలో ఎవరి చట్టంలోనూ నేను లేను.

వేరుశనగ
🙏

పాతరికార్డు
మీరడిగింది నిజమే. 1948 చట్టంలో రైతు అంటే రైతీ భూమికి ఎస్టేటుకి శిస్తు కట్టేవాడు. అతని దగ్గర కౌలుకి చేసేవాడి ప్రసక్తి లేదు. మనకి కౌలుదారీ చట్టం 1956లో గానీ రాలేదు. అదీ మీకు పట్టా ఇచ్చేది కాదు, కౌలు పరిమితి, గడువు గురించి మాత్రమే. కాగితం మీద కౌలు ఎవరు రాసుకున్నారు గనక.

గడ్డిపోచ_కరీంనగర్
మా దిక్కు జమీందారీ లేదు, జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు. జాగీర్లు 1949ల రద్దయినయ్. కానీ 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టంల రక్షిత కౌలుదారు అని పెట్టిర్రు. తర్వాత అందులనే 38ఈ సెక్షన్ కింద కొందరికి సర్టిఫికెట్లు గుడ ఇచ్చిర్రు, భూమి దున్నెటోనిదే అని. కాబట్టి చేద్దామంటె చేయొచ్చు. ఆంధ్రల చెయ్యలే, అంతే. 2018ల మా దగ్గర తెచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం గుడ పట్టాదారుకే ఇచ్చిర్రు, కౌలుదారుకు సున్న. అమెరికల ఉన్నోని ఖాతాల పడ్డయ్ పైసలు.

గోదారిగట్టు
ఇదిగో, ఇందుకే సంతకం పెట్టం. “38ఈ కింద సర్టిఫికెట్లు ఇచ్చిర్రు” అంటున్నారు చూశారా? ఈయన కౌలుదారు ఇవాళ కార్డు అడుగుతాడు, రేపు భూమి నాదంటాడు. నాకు ఎకరన్నర ఎలా పోయిందో చెప్పాను కదా. కాగితం మీద ఒక్కసారి ఇంకొకడి పేరు పడితే చెరిపేవాడు ఎవడు? నేను జమీందారుని కాను. నా కూతురి పెళ్ళి ఆ భూమి మీదే ఆధారపడి ఉంది. మా నాన్న పస్తులుండి నిలబెట్టుకున్న భూమి అది.

పాతరికార్డు
గోదారిగట్టు గారూ, ఆంధ్రలో 2019 సాగుదారుల చట్టం కార్డు పదకొండు నెలలకే. భూమి మీద ఏ హక్కూ రాదని అందులోనే రాసి ఉంది. మీరు భయపడే 38ఈ వేరే చట్టం, వేరే ప్రాంతం. 2011 చట్టంలో అయితే ఓనరు సంతకం అవసరమే లేకుండా ఉండేది. మీలాంటివాళ్ళ భయానికే 2019లో ఓనరు సంతకం తప్పనిసరి చేశారు. ఇప్పుడు ఆ సంతకమే కౌలుదారుకి తలుపు మూసేసింది.

మీ ఎకరన్నర సంగతికి: ఎస్టేటు ఊరు గనక సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్టేటు సర్కారు పరమయ్యాక రాసిన భూమి రికార్డు) నకలు తీయించండి. అందులో రైతీ అని ఉంటే నిషేధిత జాబితాలోంచి తీయమని జిల్లా కలెక్టర్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ముచ్చిలికా కాగితం జత చేయండి, చెదలు తిన్నా సరే.

తిండివనం_తెలుగోడు
నేను ఓమందూరార్ గురించి మొదలుపెట్టాను. ఇది కౌలు కార్డుల మీదికి వెళ్ళిపోయింది.

కౌలుకాగితం
ఆయన గురించే సార్ మాట్లాడుతున్నా. ఆయన మంచివాడు కాదని నేను అనలేదు. సిఫార్సు ఉత్తరాలతో వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేవాడంటే నాకూ ఆయనంటే గౌరవమే. మీరు మొదట్లో రాశారు, నాగలి తెలిసిన మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాడని. నాగలి తెలిసినాయనకి, తన చేలో నాగలి పట్టేది ఎవరో కూడా తెలిసుండాలి కదా. చట్టం రాసేటప్పుడు వాడు గుర్తుకు రాలేదు. లెక్కచెప్పు గారు ఎకరాలు ఎందుకు అడుగుతున్నారో నాకు అర్థమైంది. మీకే అర్థం కాలేదు.

లెక్కచెప్పు
అమ్మయ్య.

తిండివనం_తెలుగోడు
1948లో జమీందారుని తీసేయడమే కోర్టులకి ఎక్కింది. ఒకేసారి కౌలుదారుకి కూడా ఇవ్వాలంటే ఆ బిల్లే పాసయ్యేది కాదు. అసెంబ్లీలో కూర్చున్నవాళ్ళంతా ఎవరు? పట్టాలున్నవాళ్ళే.

ఎర్రజీర
అదే కదా మేం అప్పట్నుంచీ చెప్తున్నది. చెప్పినందుకే మలబారు పోలీసులని పంపారు.

తాటిగెల
ఎర్రజీర గారూ, మీ పార్టీ భూస్వాముల ఇళ్ళ పిల్లలు నడిపిందే కదా. అక్కడ కౌలుదారు కొడుకు ఎంతమంది నాయకులయ్యారు? ఊరికే అడుగుతున్నా.

ఎర్రజీర
ఇది వేరే చర్చ. పెట్టండి, వస్తాను.

గోదారిగట్టు
కౌలుకాగితం గారూ, మీ మీద నాకు కోపం లేదు. మా ఊళ్ళో మా భూమి చేసేవాడు మా ఇంట్లో మనిషిలాంటివాడు. దాళ్వా దెబ్బతింటే ఈ ఏడాది ఎకరాకి రెండు బస్తాలు తగ్గించుకోమన్నాను. ఎవరు తగ్గిస్తున్నారండీ ఈ రోజుల్లో? కార్డు మాత్రం అడగొద్దన్నాను.

కౌలుకాగితం
తగ్గించినట్టు కాగితం మీద రాసిచ్చారా సార్?

గోదారిగట్టు
మా మధ్య కాగితాలు ఎందుకు? మా నాన్న కాలం నుంచీ నోటిమాటే.

కౌలుకాగితం
మీ తాత ముచ్చిలికా ముక్క మాత్రం దాచుకున్నారు.

అనకాపల్లి_బెల్లం
పాతరికార్డు గారూ, ఫెయిర్ అడంగల్ నకలుకి ఎక్కడ అప్లై చెయ్యాలి? మాది విజయనగరం ఎస్టేటు ఊరు, మాకూ ఇదే గొడవ. విడిగా మెసేజ్ పెడతాను, వీలైతే చూడండి.

తిండివనం_తెలుగోడు
ఆలయ ప్రవేశం గురించి, 1948 హిందీ గొడవ గురించి రాద్దామని ఉంది. ఇక్కడ ఎవరూ చదివేట్టు లేరు. వేరే చర్చ మొదలుపెడతాను.